నడుము లోతు నీళ్లలో పంతులమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటి ఈ లోకంలో ఉందంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ రోజులంటే ఏ కాలం నాటివో అనుకునేరు, మూడేళ్ల కిందటి వేసవి. అప్పటికి నాకు నలభై రెండేళ్లు, తొంభై ఒక్క కిలోలు, పద్దెనిమిదేళ్లుగా సైన్సు పాఠాలు చెబుతున్న అనుభవం. మొదటి రెండూ ఎవరడిగినా చెప్పేదాన్ని కాదు, మూడోది ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. కొత్తగూడెంలో డాక్టరు నా మోకాళ్ల ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "నడక పెట్టుకోకుండ్రి మేడం, ఉన్నయి కూడ అరుగుతయ్. నీళ్లల్ల మెల్లగ ఈత కొట్టుండ్రి, బరువు తగ్గుతది, కీళ్లకు హాయిగుంటది" అన్నాడు. తగ్గకపోతే ఏం చేయాలని అడిగాను. "మోకాళ్లు మార్చుడే" అన్నాడు, సైకిల్ టైరు గురించి చెప్పినంత తేలిగ్గా. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే నన్ను నేను ఒక్క క్షణం ఊహించుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్లి ఈత కొలనులో పేరు రాయించుకున్నాను.

అక్కడ సాయంత్రం అయిదింటి నుంచి ఆరింటి దాకా ఆడవాళ్ల సమయం. మా జట్టుకు నాయకురాలు పచ్చళ్ల పిన్ని, ఉపనాయకురాలు బ్యాంకు వదిన. ఈత అని పేరే గానీ, మేమంతా నడుము లోతు నీళ్లలో గుండ్రంగా నిలబడి, మెడ పైన తడవకుండా జాగ్రత్తపడుతూ, ఊళ్లోవాళ్ల సంసారాలు చక్కబెట్టేవాళ్లం. గంట కాగానే బయటికొచ్చి, గేటు ఎదురుగా ఉన్న మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగేవాళ్లం. (ఆ బండి అక్కడే పెట్టినవాడికి వ్యాపారం ఒకరు నేర్పక్కర్లేదు.) నెల తిరిగేసరికి నేను కిలోన్నర పెరిగాను. అయినా నా ధైర్యం చెక్కుచెదరలేదు, ఎందుకంటే వస్తువులు నీటిలో ఎందుకు తేలతాయో నేను పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను. అదే వాళ్లకూ చెప్పాను. మనం పక్కకు నెట్టిన నీళ్ల బరువే మనల్ని పైకి లేపుతుందన్నాను. పచ్చళ్ల పిన్ని శ్రద్ధగా విని, "గట్లయితే మనం మస్తు తేలాలె గద పంతులమ్మా! మనం నెట్టే నీళ్లేమన్న తక్కువనా?" అంది.

మాకు ఈత నేర్పడానికి సన్నగా, నల్లగా, పాతికేళ్ల అమ్మాయి ఒకతి ఉండేది. మెడలో విజిల్ వేసుకుని గట్టు మీద తిరిగేది. మేమంతా కోచమ్మ అనేవాళ్లం. "మెడ బిగబట్టకుండ్రి మేడం, తల ఎనక్కి వదలుండ్రి" అని ఆమె అన్నప్పుడల్లా, "సూత్రం నాకు తెలుసులేమ్మా" అనేదాన్ని. ఆమె నన్ను ఒకసారి చూసి ఊరుకునేది. అది గౌరవం అనుకున్నాను.

ఈలోగా స్కూల్లో నా ఈత గురించి కొంచెం ఎక్కువగానే చెప్పేశాను. మా తెలుగు టీచరు నమ్మినట్టే విని, ఒక సాయంత్రం తానూ వచ్చి చేరింది. "ఏదీ, ఓసారి తేలి సూపెట్టక్కా" అంది. జట్టంతా చుట్టూ చేరింది. నేను సూత్రం మీద భారం వేసి వెనక్కి వాలాను. కాలు జారింది, ముక్కులోకి నీళ్లు పోయాయి, ఆకాశం, పిన్ని మొహం, కొలను అడుగున నీలం పలకలు ఒకదాని వెంట ఒకటి కనబడ్డాయి. పిన్ని జడ చేతికందితే గట్టిగా పట్టుకుని, "పోతున్నా, మా ఆయనకు చెప్పండి!" అని అరిచాను. (ఏం చెప్పాలో చెప్పలేదు.) గట్టు మీంచి కోచమ్మ కేక వినబడింది. "మేడం, నిలబడుండ్రి! నడుం దాకనే ఉన్నయ్ నీళ్లు, నిలబడుండ్రి!"

నిలబడ్డాను. నీళ్లు నిజంగానే నడుము దాకా ఉన్నాయి. అందరూ ఒక్కసారిగా నవ్వారు. తెలుగు టీచరు నవ్వులో యతి ప్రాసలు కూడా ఉన్నాయి.

బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని, మోకాళ్లు పోతే పోనీ, ఈ గుమ్మం మళ్లీ తొక్కకూడదని నిశ్చయించుకుంటుండగా కోచమ్మ టవల్ పట్టుకొచ్చింది. పక్కన కూర్చుని, "నన్ను గుర్తు పట్టలే కద మేడం?" అంది. నిజంగానే పట్టలేదు. బూర్గంపాడు అవతల అడవి ఊరి బడిలో నేను పనిచేసినప్పుడు తొమ్మిదో తరగతిలో నా విద్యార్థి అట.

"మా గూడానికి, బడికి నడుమ వాగుండె. వానకాలం సంచి నెత్తిన కట్టుకొని ఈదుకుంట వచ్చేదాన్ని. ఓనాడు తడి బట్టలతోటి వచ్చిన్నని మీరు బయట నిలబెట్టిండ్రు."

నేను టవల్ అందుకుని అడిగాను, "ఆ రోజు ఏ పాఠమో గుర్తుందా?"

"తేలుడు పాఠమే మేడం. కిటికీల నుంచి ఇన్న. మీరు బోర్డు మీద చెంబు బొమ్మ ఏసిండ్రు."

"నా మీద కోపం లేదా?"

"ఉండె మేడం. ఇయ్యాల మీరు మునిగినంక జరంత తగ్గింది."

క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాట, "అప్పుడు రూలు అట్లా ఉండేదమ్మా." (ఆ రూలు పెట్టింది నేనే.) ఆమె లేచి, "అది సరే గని, రేపు జల్దీ రాండ్రి. గీళ్లందరు రాకముందే" అని వెళ్లిపోయింది.

మర్నాడు నాలుగున్నరకే వెళ్లాను. ఆమె నీళ్లలోకి దిగి నా వీపు కింద అరచేయి పెట్టింది. నేను వెంటనే ఊపిరితిత్తుల్లో గాలి ఎలా పనిచేస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. "మాట్లాడినంతసేపు మునుగుతనే ఉంటరు మేడం" అంది. నోరు మూసుకున్నాను. సర్వీసులో చేరాక బహుశా అదే మొదటిసారి. చెవులు నీళ్లలోకి పోయాయి, లోకం చప్పుడు ఆగిపోయింది, పైన మబ్బు ఒకటి ఎటూ కదలకుండా ఉంది. ఎంతసేపటికో కళ్లు పక్కకు తిప్పితే కోచమ్మ రెండు చేతులూ కట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. తొంభై రెండున్నర కిలోల నన్ను ఎవరూ పట్టుకోలేదు. అలా వెల్లకిలా పడుకునే, మబ్బుకేసి చూస్తూ, "తప్పయిపోయిందమ్మా, క్షమించు" అన్నాను. ఆమె పెదవులు కదిలాయి. నా చెవులు నీళ్లలో ఉన్నాయి, ఏమందో వినబడలేదు. మళ్లీ అడగలేదు.

ఏడాదికి ఏడు కిలోలు తగ్గాను. (అందులో కిలోన్నర బజ్జీలదే.) మోకాళ్లు ఇప్పటికీ పుట్టినప్పటివే, పాఠం నిలబడే చెబుతున్నాను. మొదటిరోజు నన్ను దింపడానికొచ్చి మా ఆయన గేటు దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒకటి ఫోన్లో ఉంది. అందులో నేను కొత్త టోపీ, కొత్త ఈత కళ్లద్దాలు పెట్టుకుని, గడ్డం పైకెత్తి గట్టు మీద నిలబడి ఉంటాను. నా వెనక కోచమ్మ వంగి నీళ్లలో పడిన ఆకులు తీస్తుంటుంది. అప్పట్లో నలుగురికీ పంపేటప్పుడు బొమ్మ బాగుండదని ఆమెను కత్తిరించి పంపాను. అసలు ఫొటో మాత్రం దాచుకున్నాను. అప్పుడప్పుడు తీసి చూస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఆ టోపీ పెట్టుకున్నావిడకు ఇంకా ఒంటి మీద నీటి చుక్క పడలేదు పాపం, ఎంత ధీమాగా నిలబడిందో!