మందుల బండి రాని మంగళవారాలు

ఆ రోజు నేను మా ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి అబిడ్స్ వెళ్ళాను. ఆయన పనిచేసే బట్టల దుకాణం రెండో అంతస్తులో ఉంటుంది. నాంపల్లి స్టేషన్ వెనక మేముండే గది నుంచి అక్కడికి రోజూ నడిచే దారే. ఎప్పుడూ ఆగకుండా ఎక్కే మెట్లు ఆ రోజు సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. కింద రోడ్డు మీది బస్సుల హారన్లు ఎక్కడో దూరంగా వినిపించాయి. అప్పటికి నాకు ఐదో నెల.

మా ఆయన ఆనంద్ నా మొహం చూసి గబగబా స్టూలు వేశాడు.

"ఏమైంది కరుణా? పెదవులు గట్ల నల్లగైనయేంది?"

"మెట్లెక్కిన కదా. కడుపుతోని ఉన్నోళ్ళకు ఆయాసం ఉంటదంట."

ఆ మాట మా ఇంటి ఓనరమ్మ చెప్పింది. నేను నమ్మాను. నాంపల్లిలో నేను చూపించుకునే క్లినిక్‌లో డాక్టరు కూడా దాదాపు అదే అన్నాడు. రక్తపరీక్ష చూసి, "హిమోగ్లోబిన్ తక్కువుంది. ఐరన్ వేసుకో, రెస్ట్ తీసుకో" అని చీటీ రాసిచ్చాడు. స్టెతస్కోప్ ఆయన మెడలోనే ఉంది. చెవులకు పెట్టుకోలేదు.

ఐరన్ వేసుకున్నాను. ఆయాసం తగ్గలేదు. పొడి దగ్గు తోడైంది. వెల్లకిలా పడుకుంటే ఎవరో గొంతు నొక్కుతున్నట్టుండేది. ముందు ఒక దిండు సరిపోయేది, తర్వాత రెండు పెట్టుకున్నాను, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. బలహీనత అనే అనుకున్నాం. రెస్ట్ తీసుకోమన్నారు కదా అని అమ్మ వచ్చి నన్ను మా ఊరికి తీసుకుపోయింది.

మాది మెదక్ వైపు చిన్న ఊరు. దగ్గర్లో ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళు తమ ఖర్చుతో చుట్టుపక్కల ఊళ్ళకు ఒక వ్యాన్ పంపేవారు. అందులో ఒక డాక్టరు, ఒక నర్సు, బీపీ, షుగర్ చూసే మిషన్లు, మందులు ఉండేవి. మా ఊరికి మంగళవారం వచ్చేది. ఊళ్ళో అందరూ దాన్ని మందుల బండి అనేవారు.

ఆ మంగళవారం అమ్మ బీపీ గోలీల కోసం వెళ్తుంటే ఊరికే తోడు వెళ్ళాను. పంచాయితీ ఆఫీసు ముందు బండి ఆగి ఉంది. నాలుగడుగుల దూరమే, అయినా రొప్పుతూ బండి మెట్టు మీద కూలబడ్డాను. నర్సు విజయ అమ్మకు బీపీ చూస్తూ నా వైపు తిరిగింది.

"ఈమెకు గట్ల దమ్మొస్తుందేంది? మేడమ్, జర ఈమెను చూడుండ్రి."

లోపల సన్నటి మంచం ఉంది. డాక్టరమ్మ వయసులో నాకంటే కొంచెమే పెద్ద. ముందు, వెనక స్టెతస్కోప్ పెట్టి వింది. తర్వాత, "ఎడమ పక్కకు తిరిగి పడుకో. ఊపిరి వదిలేసి ఆపు" అంది. మళ్ళీ వింది. డ్రైవర్‌ను పిలిచి ఇంజన్ ఆపమంది. ఫ్యాన్ కూడా ఆగిపోయింది. బయట మాట్లాడుకుంటున్నవాళ్ళను విజయ చేత్తో సైగ చేసి ఊరుకోబెట్టింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. అంతకుముందు ఎవరూ నా గుండెను అంతసేపు వినలేదు. ఆమె మొహంలో ఏం మారుతుందోనని చూస్తూ పడుకున్నాను. ఏమీ మారలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"చిన్నప్పుడు నీకు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఏడో తరగతిల. మోకాళ్ళు వాచినయ్. మా చిన్నమ్మ బిడ్డ స్వప్నకు గూడ మొన్నామధ్య గట్లనే వచ్చింది."

"ఆ అమ్మాయిని కూడా పిలిపించండి," అని విజయతో చెప్పి, నన్ను లేపి కూర్చోబెట్టింది. "గుండెలో మైట్రల్ వాల్వ్ అని ఉంటుంది. ఆ చిన్ననాటి జ్వరం వల్ల అది నీకు ఇరుకైపోయిందని నా అనుమానం. బిడ్డ పెరిగేకొద్దీ గుండెకు పని పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరతాయి. వెంటనే టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, చేయించాలి. హైదరాబాద్‌లో ఎక్కడుంటావు?"

"నాంపల్లిల."

ఆమె రాస్తున్న చీటీ మీంచి తలెత్తింది. "అన్ని ఆస్పత్రుల మధ్య ఉంటూ ఇక్కడిదాకా వచ్చావా!" అంది.

తర్వాత స్వప్నను చూసింది. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. దాని వాల్వ్‌లో లీక్ మొదలైనట్టుందని, ఎకో చేయించి, ఇక నుంచి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకోవాలని చెప్పింది. "ఆ జ్వరం మళ్ళీ రాకుండా ఆపేది ఈ ఇంజెక్షనే. మానకపోతే లీక్ అక్కడే ఆగొచ్చు" అంది.

ఫోన్‌లో చెబితే ఆనంద్ నమ్మలేదు. "మొన్నటిదాక రక్తం తక్కువన్నరు. ఇప్పుడు గుండెంటున్నరా? ఊకెనే వచ్చే బండిల చూసి గింత పెద్ద మాటెట్ల చెప్తరు?" అన్నాడు. అమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించి తీసుకుపోదామంది. నాకూ మనసులో ఆ డాక్టరమ్మ పొరపాటు పడితే బాగుండుననే ఉంది. మధ్యలో విజయ ఫోన్ చేసింది.

"అక్కా, పోయిన్రా?"

"ఇంకా లేదు."

"ఇంకా లేదా? మేడమ్ రోజు అడుగుతుంది నీ గురించి. గట్ల రోజు ఎవ్వరి గురించి అడగది అక్కా. ఎట్లన్న పోండ్రి."

ఆ గొంతు విన్నాక ఆనంద్‌ను రమ్మన్నాను. శనివారం వచ్చి నన్ను, అమ్మను నాంపల్లి తీసుకొచ్చాడు. సోమవారం ఎకోకు వెళ్దామనుకున్నాం. జబ్బు సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం దగ్గు మొదలై ఆగలేదు. సింకులో ఉమ్మితే గులాబీ రంగు నురుగు పడింది. అమ్మ దాన్ని చూసి "యేసయ్యా" అని అక్కడే కూర్చుండిపోయింది.

ఆటోలో ఆనంద్ నన్ను పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద దవాఖానకు అబిడ్స్ దాటి పోవాలి. ఆదివారం కదా, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జనం రోడ్డు మీదికి వచ్చేశారు. ఆటో కదలడం లేదు. ఎంత పీల్చినా గాలి లోపలికి పోవడం లేదు, నీళ్ళలో మునిగినట్టుంది. డ్రైవర్ తల బయటపెట్టి అరుస్తున్నాడు.

"జర జరుగుండ్రి భాయ్! పేషెంటున్నది, పానం మీదికొచ్చింది!"

జనం పక్కకు జరుగుతూ లోపలికి తొంగి చూశారు. వాళ్ళ మొహాలు చూసి నేనెలా ఉన్నానో నాకు అర్థమైంది.

క్యాజువాలిటీలో ఎవరో "పల్మనరీ ఎడిమా, ల్యాసిక్స్ ఇవ్వండి, పడుకోబెట్టకండి" అన్నారు. డాక్టరమ్మ చెప్పినట్టే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరాయి. ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. ఆనంద్‌తో సంతకం పెట్టించుకుంటూ ఒక డాక్టరు, "ముందు తల్లిని నిలబెట్టాలి. బిడ్డ సంగతి ఇప్పుడేం చెప్పలేం" అనడం మాస్క్ వెనక నుంచి విన్నాను. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. కదలిక తెలియలేదు.

నీళ్ళు తగ్గాక ఎకో తీశారు. సివియర్ మైట్రల్ స్టెనోసిస్. వాల్వ్ బాగా ఇరుకైపోయింది, బండిలో డాక్టరమ్మ అన్నదే. పెద్ద డాక్టరు గారు చిటికెన వేలు గోరు చూపించి, "వాల్వ్ ఇంత కూడా తెరుచుకోవడం లేదు. కాలి దగ్గర నుంచి వైరు పంపించి బెలూన్‌తో వెడల్పు చేస్తాం. బీఎంవీ అంటారు. రిస్క్ ఉంది. చెయ్యకపోతే ఇంకా ఎక్కువ రిస్క్" అన్నారు.

ఎక్స్‌రే తగలకుండా కడుపు చుట్టూ సీసపు ఆప్రాన్ కప్పారు. నేను మెలకువగానే ఉన్నాను. తలకు పైన తెర మీద నా గుండె నల్లగా కొట్టుకుంటోంది. ఒక దశలో గుండె గతి తప్పింది. మిషన్ గోల పెట్టింది, నర్సు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఎవరూ నా వైపు చూడలేదు. తర్వాత "ఇన్‌ఫ్లేట్" అన్న మాట వినిపించింది, బెలూన్ ఉబ్బించమని. కాసేపటికి ఛాతీలో ఏదో వదులైంది. నెలల తర్వాత నిండుగా ఊపిరి తీశాను. ఏడుపొచ్చింది.

"ఏడవకమ్మా, కదలొద్దు," అన్నారు డాక్టరు గారు. సాయంత్రం వార్డులో బిడ్డ కడుపులో తన్నింది.

అంతటితో అయిపోలేదు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. కాన్పు కాగానే మళ్ళీ ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరి ఐసీయూలో ఉన్నాను. బిడ్డ వేరే వార్డులో గాజు పెట్టెలో ఉంది. దాన్ని నేను చూసేలోపు ఆనంద్ ఫోన్‌లో ఫోటో చూపించాడు. పిడికెడంత మొహం. బ్లెస్సీ అని పేరు పెట్టుకున్నాం.

ఇంటికి పంపేటప్పుడు నాకూ మూడు వారాలకోసారి పెన్సిలిన్ రాశారు. నడుము కింద ఇస్తారు, ఆ పూట కాలు కింద పెట్టలేం. నేను పెద్ద దవాఖానలో తీసుకునేదాన్ని. స్వప్న ఊళ్ళో మందుల బండిలో తీసుకునేది. ఇంజెక్షన్ రోజు ఫోన్‌లో ఇద్దరం నొప్పి గురించి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. అలా రెండేళ్ళు బాగానే గడిచింది. స్వప్న ఇంటర్ చదివింది. ఎకోలో దాని లీక్ పెరగలేదు.

తర్వాత ఒక మంగళవారం బండి రాలేదు. రిపేరేమో అనుకున్నారు. పై వారమూ రాలేదు. బీపీ గోలీలు అయిపోయినవాళ్ళు పంచాయితీ ఆఫీసు ముందు ఎండలో కూర్చుని చూసి చూసి లేచిపోయారట. విజయకు ఫోన్ చేస్తే ఆమెకూ చెప్పుకోలేని కష్టమే.

"ప్రాజెక్టు బంద్ అయింది అక్కా. మా అందరినీ తీసేసిన్రు. మేడమ్ గూడ వేరే ఊరికి పోయింది. స్వప్నకు సూది మాత్రం ఆపొద్దు. సర్కారు దవాఖానల అడగమను."

చిన్నమ్మ స్వప్నను తీసుకుని మండలంలోని సర్కారు దవాఖానకు వెళ్ళింది. "ఇది ఇస్తే రియాక్షన్ వస్తది, మేం ఇయ్యం, హైదరాబాద్ పోండ్రి" అన్నారట. హైదరాబాద్ రమ్మంటే కూలి పనుల రోజులు, వచ్చే నెల వస్తామన్నారు. నేను ఫోన్‌లో అడిగినప్పుడల్లా స్వప్న "ఔ అక్కా, ప్రైవేటు దవాఖానల తీసుకుంటున్న" అనేది. చూస్తే బాగానే ఉంది, కాలేజీకి పోతోంది. లోపల ఏం జరుగుతోందో బయటికి తెలిసే జబ్బు కాదిది.

ఆ వానాకాలం దానికి గొంతునొప్పి వచ్చింది. తర్వాత మోకాళ్ళు వాచాయి. చిన్నమ్మ ఫోన్ చేసి, "బిడ్డ కూసోనే పండుకుంటుంది కరుణా" అంది. ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికంటే నాకే తెలుసు.

"ఇప్పుడే బయలెల్లు చిన్నమ్మా. బట్టలు సదురుకోకు."

వచ్చేసరికి స్వప్న పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. నన్ను చూడగానే, "అక్కా, అబద్ధం చెప్పిన. నువ్వు ఫికర్ చేస్తవని," అంది. మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగింది. నా కేసు చూసిన డాక్టరు గారే చూశారు. "లీక్ చాలా పెరిగింది. బెలూన్‌తో అయ్యేది కాదు. వాల్వ్ మార్చాలి" అన్నారు. ఆపరేషన్ థియేటర్ బయట చిన్నమ్మ, అమ్మ, నేను ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. చెప్పినదానికంటే చాలా ఆలస్యమైంది. ప్రతిసారీ తలుపు తెరుచుకున్నప్పుడు ముగ్గురం లేచి నిలబడేవాళ్ళం.

స్వప్న బతికింది. ఇప్పుడు దాని గుండెలో లోహపు వాల్వ్ ఉంది. గది నిశ్శబ్దంగా ఉంటే టిక్కు టిక్కుమని పక్కన కూర్చున్నవాళ్ళకు వినిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, అది సరిపోతోందో లేదో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, పెన్సిలిన్ కూడా మానకూడదు. "పెళ్ళయ్యాక మాకు చెప్పకుండా పిల్లల గురించి అనుకోవద్దు. ఈ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు" అని డాక్టరు గారు చెప్పినప్పుడు చిన్నమ్మ తల వంచుకుంది. స్వప్న మాత్రం నా వైపు చూసింది.

ఇప్పుడది మాతోనే నాంపల్లిలో ఉంటోంది. ఆనంద్ పనిచేసే దుకాణంలోనే బిల్లింగ్ చూస్తుంది. రెండో అంతస్తుకు మధ్యలో ఆగి ఎక్కుతుంది. బ్లెస్సీని బడిలో వేశాం. దానికి గొంతునొప్పి వస్తే మా ఇంట్లో ఆ రోజు ఇంకే పనీ జరగదు, ముందు డాక్టరు దగ్గరికే. పోయిన ఎకోలో నా వాల్వ్ మళ్ళీ కొంచెం ఇరుకవుతోందని తేలింది. "ఇప్పుడే ఏం చెయ్యక్కర్లేదు, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం"తోనే బతుకుతున్నాను.

ఆ బండి రాకపోతే నేను లేను. నా గుండెను మొదట విన్నది అందులోనే. ఆగిపోయిందని దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఎవరో పెట్టిన బండి ఏ రోజైనా ఆగిపోవచ్చని మేం అనుకోలేదు. అందుకే మీ ఊరికి ఇలాంటి బండి వస్తుంటే, మీ ఇంట్లో ఎవరైనా దాని మీద ఆధారపడి ఇంజెక్షనో మాత్రలో తీసుకుంటుంటే, ఈసారి వచ్చినప్పుడే డాక్టరును అడగండి: "మీరు రాకపోతే ఈ మందు మాకు ఎక్కడ ఇస్తారు?" చెప్పిన చోటికి బండి వస్తుండగానే ఒకసారి వెళ్ళి, అక్కడ నిజంగా ఇస్తారో లేదో కనుక్కుని రండి.