చావు సీనుకు పుట్టింటి చీర

మా సినిమాలో చచ్చిపోవడానికి మా అవ్వ మూడు షరతులు పెట్టింది. మొదటిది, ఇంట్లో చావదు. పచ్చగా ఉన్న ఇంట్లో ఉత్తుత్తి పాడె కట్టినా అరిష్టమట. కాలువ పక్కన మా పొలంలో ఉన్న పశువుల కొట్టం ముందైతేనే చస్తానంది. రెండోది, చచ్చే ముందు ఒక చాయ్, చచ్చాక ఒక చాయ్ ఇవ్వాలి. ఈ రెండింటికీ మేం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. మూడో షరతు ఆమె అప్పుడు చెప్పలేదు. చెప్పినా వినే తీరిక మాకు లేదు. అప్పటికే మేం సినిమావాళ్లం అయిపోయాం మరి.

బాన్సువాడలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్న రోజులవి. కాలేజీ పిల్లలు తీసిన చిన్న సినిమాలకు నిజామాబాద్‌లో పోటీ ఉందని ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడు ఎవడో గానీ, వాడి నోట్లో మన్ను పడ. నాకూ నా దోస్తుకూ ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. వాడిది క్యాంపు. కాలువ నీళ్ల కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. వాడికి మీసం దట్టంగా వచ్చింది కాబట్టి హీరో అయ్యాడు. నాకు రాలేదు కాబట్టి దర్శకుణ్ణయ్యాను.

కెమెరా, పెళ్లిళ్ల వీడియో తీసే ఒక అన్నది. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేక, ఆయన కొట్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. మేం అడగ్గానే ఒప్పుకున్నాడు గానీ ఒక్క అనుమానం వెలిబుచ్చాడు.

"మూఢంల సినిమా మొదలు వెడితే మంచిగుండది తమ్మీ. మొదటి సీను ఏంది?"

"సావు సీను అన్నా."

"గట్లయితే ఫికర్ లేదు. సావుకు మూఢమేంది."

మా కథ చాలా చిన్నది. పటాలంలో ఉన్న కొడుకు, తల్లి చనిపోయిన రోజు ఇంటికి చేరతాడు. అంతే. కథ ఇంత, దానికి మేం అనుకున్న పేర్లు నాలుగు. క్యాంపు దోస్తు మూడు పేజీల డైలాగులు బట్టీ పట్టి, రిహార్సల్‌లో అవ్వ కాళ్ల మీద పడి, "అమ్మా! నన్నొదిలేసి వెళ్లిపోయావా అమ్మా!" అని గొల్లుమన్నాడు.

చచ్చిపోయిన అవ్వ ఒక కన్ను తెరిచింది.

"నా కడుపున పుట్టినోడు గట్ల మాట్లాడుతడారా? సూసెటోళ్లు ఎవలో కిరాయికున్నోడు ఏడుస్తుండు అనుకుంటరు."

"మరి ఎలా ఏడవమంటారు మామ్మగారూ?"

"మాటలొద్దు బిడ్డా. ఉత్తగ ఏడువు."

ఒక్క దెబ్బకు మూడు పేజీలూ కాలువలో కలిశాయి. దోస్తు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత పాడె ఎత్తే రిహార్సల్ పెట్టుకున్నాం. నలుగురం భుజం పట్టామో లేదో, అవ్వ చటుక్కున లేచి కూర్చుంది.

"ఆగుర్రి. పుట్టింటి చీర రాలే. గది రాందే నన్ను లేపొద్దు."

ఇదీ మూడో షరతు. మా దిక్కున ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు, ముఖ్యంగా అన్నో తమ్ముడో, కొత్త చీర తెచ్చి కప్పాలి. అది పడేదాకా శవాన్ని లేపరు. క్యాంపు దోస్తు పరుగెత్తి వాళ్లమ్మ బీరువాలోంచి ఒక చీర ఎత్తుకొచ్చాడు. అవ్వ దాని అంచు తడిమి పక్కన పెట్టింది.

"నా తమ్ముడు తేవాలె."

"అవ్వా, ఇది సినిమానే!"

"సినిమా అయితేంది? సావు సావే గదరా."

ఆ తమ్ముడు డోంగ్లిలో ఉంటాడు. నాకు తాత వరస. అక్కాతమ్ముళ్లకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. తాత తన బిడ్డను మా చిన్నాయనకు ఇస్తానని పసితనంలోనే మాటిచ్చి, తీరా ఈడొచ్చాక దెగ్లూరు సంబంధానికి ఇచ్చేశాడు. అవ్వ ఆయన వాకిట్లో నిలబడి ఊరందరి ముందు, "నేను సచ్చినా నా ముఖం సూడకు" అని వచ్చేసింది. ఆయన, "నీ గడప తొక్కితే ఒట్టు" అన్నాడు. ఈ లోపల మా చిన్నాయన వేరే పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, పొట్ట పెంచి హాయిగా ఉన్నాడు. ఆ పిల్ల ముఖం కూడా ఆయనకు గుర్తు లేదు. పట్టింపు మాత్రం పెద్దవాళ్లకు మిగిలింది.

ఆ సాయంత్రం అవ్వ బియ్యం చెరుగుతూ, చాట వంకే చూస్తూ అంది, "నోరు జారిన్రా. నా చీరను నా నోటితోనే ఆపుకున్న. రేపు నిజంగ పోతే ఎవల చీర కప్పుకొని పోవాలె?"

చాటలో బియ్యం ఒకసారి ఎగరేసి మళ్లీ తనే అంది.

"సినిమాల గూడ రాడా వాడు?"

నా గుండె కలుక్కుమంది. అదే గుండెలో, తమ్ముడు నిజంగా వచ్చి చీర కప్పితే షాట్ ఎంత బాగా పడుతుందో అన్న ఆశ కూడా పుట్టింది. ఏది ముందు పుట్టిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

షూటింగ్ రోజున తెల్లవారుజామునే అవ్వకు మొదటి చాయ్ ఇచ్చి బస్సెక్కాను. మధ్యాహ్నానికల్లా తాతను తీసుకొస్తాను, అన్నీ సిద్ధంగా ఉంచండి అని దోస్తుకు చెప్పి మరీ వెళ్లాను. తాతకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే నా ఉద్దేశం. అవ్వ సినిమాలో చేస్తోంది, చీర పట్టుకుని ఒక్కసారి రా తాతా, అని దారంతా మాటలు పేర్చుకున్నాను. తీరా వెళ్లేసరికి ఆయన వాకిట్లో నిలబడి పక్కింటాయనతో మరాఠీలో ఏదో గొడవ పడుతున్నాడు. నన్ను చూడగానే ఆ కోపం ఇటు తిప్పాడు.

"ఏంది వచ్చినవ్? మీ అవ్వ పంపిందా? పంపితే గట్లనే మర్లిపో."

"అవ్వ పంపలేదు తాతా." అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. "అవ్వ పోయింది."

ఎలా వచ్చిందో ఆ మాట! నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే తాత గోడ పట్టుకున్నాడు. పక్కింటాయన గొడవ మరిచి నీళ్లు తెచ్చాడు. తాత నీళ్లు ముట్టలేదు. భుజం మీద తువ్వాలు సర్దుకుని, "చీర నేనే దేవాలె గద" అన్నాడు. నన్నడగలేదు, తనకు తనే చెప్పుకున్నాడు. నిజం చెప్పడానికి అదే మంచి సమయం. చెప్పకపోవడానికి నాకు తెలిసిన కారణం ఒక్కటే, భయం.

మద్నూర్‌లో దిగి బట్టల దుకాణానికి వెళ్లాం. చావుకు చీర కొనేవాళ్లు సాధారణంగా పైనున్నది పట్టుకుపోతారు. తాత ముప్పై చీరలు తీయించాడు. "మా అక్కకు గీ రంగు పడది. గిది గరుకుంటది. గీ అంచు పెద్దగుంటే కాళ్లకు తాకుతదని కసురుకుంటది." చివరికి సన్న అంచున్న నీలం నేతచీర ఒకటి చేత్తో నలిపి నలిపి చూసి తీసుకున్నాడు. దుకాణదారు, "ఎంత అదృష్టవంతురాలు మీ అక్క" అన్నాడు, ఎందుకు కొంటున్నాడో తెలియక.

బాన్సువాడ బస్సులో నా పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు.

"బాధ పడ్డదా?"

"లేదు తాతా. పొద్దుగాల చాయ్ తాగింది." అది నిజమే. రెండో షరతు.

"నన్నేమన్న యాదిజేసిందా?"

"చేసింది తాతా."

ఆ రోజంతా నేను కల్తీ లేకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నస్రుల్లాబాద్ దాటేదాకా ఇటు తిరగలేదు.

కొట్టం దగ్గరికి వచ్చేసరికి మా వాళ్ల ఏర్పాట్లు చూసి నాకే భయమేసింది. దోస్తు అసలైన డప్పులవాళ్లను పిలిపించాడు. ఆ దరువు విని చుట్టుపక్కల పొలాల్లో నాట్లేస్తున్న ఆడవాళ్లంతా బురద కాళ్లతో వచ్చేశారు. నడుమ పాడె మీద అవ్వ, నుదుటి నిండా పసుపు. కాళ్ల దగ్గర పటాలం టోపీతో దోస్తు, చెప్పినట్టే మాటల్లేకుండా ఉత్తగా ఏడుస్తున్నాడు. వీడియో అన్న నన్ను చూడగానే బొటనవేలు ఎత్తి కెమెరా ఆన్ చేశాడు.

తాత పాడె మీద పడిపోయాడు.

"అక్కా! మాట తప్పింది నేనే అక్కా. పిల్ల గా సంబంధమే గావాలని ఏడిస్తే ఇచ్చిన. నీకు చెప్పనీకి మొఖం లేకపోయె. నువ్వు రావద్దన్నవని రాకుంటనా? నాలుగుసార్లు బాన్సువాడ బస్టాండుల దిగిన. దిగి మర్లిపోయిన. అమ్మ పోయినంక నన్ను పెంచినవు గదనే, ఒక్క తిట్టు తిట్టి లోపలికి పిలిస్తే ఏంబోయె!"

చీమ కుట్టినా కదలొద్దని అవ్వకు చెప్పింది నేనే. తమ్ముడు నటించడం లేదని ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. తెలిసీ లేవలేదు. మా అవ్వ గడుసుది, పన్నెండేళ్ల మాటలు మొత్తం వినేదాకా ఊపిరి బిగబట్టింది. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చీర మడత విప్పి, మెడ నుంచి పాదాల దాకా కప్పి, అంచు సర్దాడు. అప్పుడు చీర కిందనుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"అంచు మంచిగున్నది రా. మద్నూర్ల తెచ్చినవా?"

తాత వేసిన కేకకు డప్పులు ఆగిపోయాయి. నాట్లవాళ్లు నారుమళ్లలోకి దూకారు. పటాలం కొడుకు అందరికంటే ముందు పారిపోయాడు. ఆ తరవాత సంగతి తేరుకున్న తాత డప్పు కర్ర లాక్కుని నా వెంటపడ్డాడు. కొట్టం చుట్టూ మూడు చుట్లు తిప్పాడు. నాలుగు తగిలాయి, నాలుగూ న్యాయమైనవే. అవ్వ పాడె మీద కూర్చునే అరిచింది, "ఇడిశిపెట్టురా, పోరడు సస్తడు! ఇటురా, చాయ్ తాగుదాం." తాత కర్ర పారేసి, వెళ్లి ఆమె పక్కనే పాడె మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. అవ్వ తిట్టింది. ఆయన అడిగిన ఆ ఒక్క తిట్టుకు పది కలిపి తిట్టింది. నవ్వుతూ తిడుతూ చాయ్ సగం కొత్త చీర మీద ఒలకబోసింది.

మర్నాడు ఆత్రంగా క్యాసెట్ వేసి చూశాం. తాత ఏడుపు వినిపిస్తోంది, తాత మాత్రం ఎక్కడా లేడు. డప్పులవాళ్లు, నాట్ల ఆడవాళ్లు, పక్క పొలం రైతు, ఒక్కొక్కరి ముఖం మీద కెమెరా తీరిగ్గా ఆగుతోంది. వాళ్లూ అలవాటుగా కొంగులు సర్దుకుని నవ్వుతున్నారు.

"ఇదేందన్నా?" అన్నాను ఏడుపు ఆపుకుని.

"వచ్చినోళ్ల ముఖాలు క్యాసెట్ల పడకుంటే రేపు కొట్టు కాడికొచ్చి నన్నే అడుగుతరు తమ్మీ" అన్నాడు వీడియో అన్న.

కెమెరా మళ్లీ పాడె దగ్గరికి వచ్చేసరికి శవం సాసర్‌లో చాయ్ ఊదుకుంటోంది. మా సినిమా అక్కడితో సరి.

తాత మాత్రం రావడం మానలేదు. రెండు వారాలకోసారి దిగేవాడు, అక్కతో ఏదో దాని మీద తగువేసుకుని వెళ్లేవాడు. అవ్వ ఆ నీలం చీరను ఒక్కసారీ కట్టలేదు. ఉతకనూ లేదు. మడత పెట్టి సందుగలో అడుగున దాచింది. అయిదేళ్ల తరవాత తాతే ముందు పోయాడు. అవ్వ డోంగ్లి వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చింది. ఆ మరుసటి వానాకాలం తనూ పోయింది. ఈసారి నిజంగానే, ఏ షరతూ పెట్టకుండా.

పాడె సిద్ధమయ్యాక కులపెద్ద అడిగాడు, "పుట్టింటోళ్లు ఏరి? తమ్ముడు లేకపాయె. చీర ఎవలు కప్పాలె?"

నేను లోపలికి వెళ్లి సందుగ తెరిచాను. చీర విప్పగానే ఒక పెద్దమ్మ, "అయ్యో, మరకున్నది బిడ్డా, కొత్తది తెప్పిస్తం" అంది. క్యాంపు దోస్తు నా పక్కనే ఉన్నాడు, అప్పటికి మీసాలు తీసేశాడు. వాడే చెప్పాడు వాళ్లందరికీ.

"కొత్తది వద్దండి. ఇది వాళ్ల తమ్ముడు తెచ్చిందే. ఆ మరక మామ్మగారు చచ్చాక తాగిన చాయ్‌ది."