నేను చదివిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేపరు గడగడా చదవగలిగింది నేనొక్కదాన్నే. మా నాయనకు సంతకం వరకే వచ్చు, మా నాయనమ్మకు అదీ రాదు. మేముండేది కోదాడలో, ఊరి చివర రైసుమిల్లుల వైపు. జిల్లా వార్తలకని పెద్ద పేపరు మధ్యలో ఒక చిన్న పేపరు కొత్తగా పెట్టి ఇస్తున్న రోజులవి. అందులో మా ఊరి పేరు కనబడితే వాడకట్టంతా సంబరపడేది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ఆయన సాయంత్రం కాగానే పేపరు మాకిచ్చేసేవాడు. నేను అరుగు మీద కూర్చుని చదివేదాన్ని, నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆ మిల్లుల్లో ఒకదాని వాచ్‌మన్‌ను ఎవరో చంపేశారు. ఆ పొద్దున బర్రెకు గడ్డి కోయడానికి పోయిన నాయనమ్మ, మిల్లు వెనక పొలంగట్టు మీద ఒక మనిషి వడివడిగా వెళ్లిపోవడం చూసింది. పోలీసులు వచ్చి అడిగితే దాచకుండా చెప్పింది.

"మొగమనిషి సారూ. ఈపు సూసిన. ముఖం సూడలే."

వాళ్లు రాసుకుని వెళ్లిపోయారు. నాలుగు రోజులకు అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీని పట్టుకున్నారు. వాచ్‌మన్‌తో అతను అంతకుముందు వారం గొడవపడ్డాడట. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఇద్దరు పోలీసుల మధ్య తల వంచుకుని, భుజాన గళ్ల తువ్వాలతో నిలబడ్డాడు. పైన పెద్ద అక్షరాల్లో 'పట్టుబడ్డ హంతకుడు' అని ఉంది. విచారణ ఇంకా మొదలే కాలేదు, అయినా ఆ మాట మాలో ఎవరికీ తప్పుగా తోచలేదు.

అక్కడి నుంచి రోజూ ఏదో ఒకటి వచ్చేది. ఒకరోజు ఎర్రగళ్ల తువ్వాల సంగతి, ఇంకోరోజు ఎడమకాలు కుంటి అన్న సంగతి, మరోరోజు అతను చిన్నప్పటి నుంచీ కోపిష్ఠి అని ఎవరో చెప్పిన మాట. మా అరుగు నిండిపోయేది. పక్కింటి అక్క చంటిపిల్లను ఎత్తుకుని వచ్చి కూర్చునేది. అంతమంది నోరు తెరుచుకుని వింటుంటే నాకు ఉత్సాహం ఆగేది కాదు. 'కుంటుతూ పారిపోయాడు' అన్నచోట లేచి రెండడుగులు కుంటి చూపించేదాన్ని. అందరూ "అబ్బా, ఎంత మంచిగ సదువుతుందో" అనేవారు.

మొదట్లో నాయనమ్మ "నేను ముఖం సూడలేదు బిడ్డా" అంటూనే ఉండేది. తర్వాత ఎప్పుడో "జర కుంటినట్టే పోయిండు" అంది. ఇంకొన్నాళ్లకు "ఎర్ర తువ్వాల, నా కండ్లతోని సూసిన" అనసాగింది. ఆ మాట ఎప్పుడు మారిందో మేమెవ్వరం గమనించలేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. కూలి కొలతలో అడ్డెడు వడ్లు ఎక్కువ వస్తే తిరిగి మోసుకెళ్లి ఇచ్చి వచ్చే మనిషి.

ఏడాది దాటాక కేసు సూర్యాపేట కోర్టులో విచారణకు వచ్చింది. నాయనమ్మకు సమన్లు అందాయి. నాయనకు పని వదిలే వీలు లేక నన్ను తోడు పంపాడు. కోర్టు అంటే పెద్ద పెద్ద కేకలు ఉంటాయనుకున్నాను. అక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బోనులో నిలబడ్డ హమాలీ ఫోటోలో కంటే సగమయ్యాడు. వెనక బల్ల మీద ఒక ముసలామె పక్కన నా ఈడు పిల్ల కూర్చుంది. అతని కూతురని తర్వాత తెలిసింది.

నాయనమ్మ తడుముకోకుండా వేలు చూపించింది. "ఈయనే అయ్యా. ఎర్రగళ్ల తువ్వాల. ఎడమకాలు కుంటుకుంట పోయిండు." నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడు హమాలీ తరఫు వకీలు లేచాడు. పెద్దాయన, మెల్లగా మాట్లాడాడు.

"పెద్దమ్మా, ఆ రోజు పోలీసులకు మీరు చెప్పిందాంట్లో తువ్వాల లేదు, కుంటి లేదు. అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"భయంల మరిసిపోయిన."

"కుంటడం మాత్రం బాగా చూశారు?"

"సూసిన."

ఆయన జడ్జిగారి అనుమతి అడిగి హమాలీని బోను దింపి తలుపు దాకా నడిచి రమ్మన్నాడు. అతను వెళ్లాడు, వచ్చాడు. మామూలుగా నడిచాడు. తర్వాత వకీలు ఒక దవాఖాన చీటీ జడ్జిగారికి అందించాడు. పోలీసులు పట్టుకున్న రోజు అతను మిల్లు గోడ దూకబోయి చీలమండ బెణికించుకున్నాడట. పేపరువాళ్లు వచ్చిన నాడు కాలికి కట్టు ఉంది. వాళ్లు అప్పుడు చూసిన కుంటినే రాశారు. హత్య జరిగిన పొద్దున ఆ మనిషికి కుంటి లేనే లేదు.

లేని కుంటిని నాయనమ్మ ఎలా చూసింది? ఆలోచించనక్కర్లేకపోయింది. అరుగు మీద కుంటింది నేను.

నాయనమ్మ హమాలీ కాళ్ల వైపు చూసింది. తర్వాత చేతులు జోడించింది.

"అయ్యా, నేను సూసింది ఈపు ఒక్కటే. తతిమ్మదంతా పేపర్ల సదివితే ఇన్న. ఇన్నది సూసినట్టే కండ్లల్ల నిలవడ్డది. తప్పయింది."

"ఎవరు చదివి వినిపించారమ్మా?" అని వకీలు అడిగాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా వైపు తిరగనైనా తిరగలేదు.

"ఎవరు సదివితే ఏంది అయ్యా, నమ్మింది నేను."

మర్నాడు చిన్న పేపర్లో 'అడ్డం తిరిగిన సాక్షి' అని వచ్చింది. ఎవరో ఆమెను లొంగదీసుకున్నారని, కోర్టులో తడబడుతూ ఏడ్చిందని రాశారు. వాడకట్టులో కొందరు మాతో మాట్లాడటం మానేశారు. నేను చదవనని మొండికేసినా నాయనమ్మ చదివించుకుంది. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నెమ్మదిగా అడిగింది.

"నిన్న మనం ఆడ ఉన్నం గదా బిడ్డా. గిట్లనే అయిందా?"

"కాలేదు."

"మరి ఆ పొద్దు మిల్లుకాడ మనం లేం. గాడ గట్లనే అయిందని ఎట్ల నమ్మినం?"

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచింది. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేదేమో.

కొన్ని నెలలకు హమాలీని విడుదల చేశారు. ఆ వార్త కోసం పేపరంతా వెతికితే లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్లు దొరికాయి, ఫోటో లేదు. కోదాడలో ఏ మిల్లూ అతన్ని మళ్లీ పనిలోకి రానివ్వలేదు. కూతుర్ని తీసుకుని మిర్యాలగూడ వైపు వెళ్లిపోయాడన్నారు. వాచ్‌మన్‌ను చంపిందెవరో చివరిదాకా తేలలేదు. అతను చంపలేదని నేనూ చెప్పలేను. నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పొద్దున నేను ఇంట్లో పడుకుని ఉన్నాను, పొలంగట్టు ముఖమే చూడలేదు. అయినా కళ్లు మూసుకుంటే ఎర్ర తువ్వాల మనిషి ఒకడు గట్టు మీద కుంటుతూ పోవడం ఈనాటికీ స్పష్టంగా కనిపిస్తుంది. అబద్ధమని తెలిసినా అది చెరగడం లేదు. అందుకే ఎవరైనా టీవీలో ఒక ముఖం చూపించి వీడే చేశాడంటే, నాకు ముందుగా భయం వేసేది నా కళ్ల గురించే.