సూద్దాం లేప్పా

మదనపల్లెలో మా పశుపరిశోధకుల సంఘానికి ఆయన కార్యదర్శి. విదేశాల నుంచి ఏ ఉత్తరం వచ్చినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "సూద్దాం లేప్పా" అనేవారు. మా వైపు ఆ మాట అన్నారంటే ఆ పని కానట్టే.

పుంగనూరు ఆవుల మీద కలిసి పనిచేద్దామని జపాన్ ప్రొఫెసరమ్మ రాసినప్పుడూ అదే మాట. సంఘం ఉత్తరాలు రాసేది నేనే కాబట్టి దాన్నే ఇంగ్లీషులో పెట్టి పంపాను. పాపం, ఆమె నమ్మింది. మూడేళ్లు నెలనెలా "చూశారా?" అని అడిగింది. చివరికి, అసలు ఆయనన్న మాటేమిటని అడిగితే తెలుగులోనే రాసి పంపాను.

"యాల సార్, ఇట్లా నానుస్తాండారు?" అని ఆ తర్వాత కుప్పంలో జరిగిన మా సంఘం సభలో అందరి ముందూ అరిచాను. ఆయన అద్దాలు కళ్ల మీదికి దించుకుని, "సరే, రమ్మనప్పా" అన్నారు.

ఆ పూటే ఆమెకు రాశాను. జవాబు గుండ్రటి తెలుగు అక్షరాల్లో వచ్చింది: "సూద్దాం లేప్పా."