రక్తం రాని దెబ్బ

ఉదయం ఆరుంబావుకు బంకర్ కప్పు దూలం కూలింది. దాని కింద ఇద్దరం ఉన్నాం. నేను అప్పుడే కాపలా దిగి లోపలికి వచ్చాను, హెల్మెట్ ఇంకా తీయలేదు. రేడియో ఆపరేటర్ సెట్టు ముందు కూర్చుని ఉన్నాడు, తల మీద ఉన్ని టోపీ మాత్రమే. రాత్రి కురిసిన మంచు బరువుకు దూలం ఒక చివర జారింది. ముందు నా హెల్మెట్‌ను కొట్టింది, తర్వాత అతని నుదుటిని చీల్చింది. అతని ముఖం నిండా రక్తం. నా ఒంటి మీద గీత కూడా లేదు.

ఆ పోస్టుకు మేం అక్టోబరులో చేరాం. బేస్ నుంచి రెండు రోజుల నడక. శిఖరానికి కాస్త కింద రెండు బంకర్లు, ఒక ఫైబర్ గుడిసె, పదిమంది మనుషులు. కిరోసిన్ పొయ్యి పక్కనే పెట్టినా సీసాలో నీళ్లు గడ్డకట్టేవి. తుపాకీ ఇనుమును ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకునేది. మన బాగేపల్లి ఎండల్లో కూర్చుని ఇది చెబితే ఎవరూ నమ్మరు.

నాది మిట్టేమరి, ఆపరేటర్‌ది పరగోడు. ఒకే బాగేపల్లి తాలూకావాళ్లం అంత ఎత్తున కలిశాం. మేం తెలుగులో మాట్లాడుకుంటే పోస్ట్ కమాండర్ నవ్వేవాడు. "మీ భాషలోనే సందేశాలు పంపండి, వేరే కోడ్ అక్కర్లేదు."

పోస్టులో మంచి గురి నాది. తన గురి సంగతి ఆపరేటర్ తనే చెప్పుకునేవాడు. "నేను కాలుస్తాంటే టార్గెట్టు కాడ నిలబడప్పా. అంతకన్నా సేఫు జాగా లేదు."

దూలం పడ్డాక నర్సింగ్ అసిస్టెంట్ ఇద్దరినీ చూశాడు. ఈ రోజు ఏ వారమని అడిగాడు. ఆపరేటర్ సరిగ్గా చెప్పాడు. నేను తప్పు చెప్పాను. కానీ మేఘాలు కాసేపే తెరిపిచ్చాయి, హెలికాప్టర్‌లో ఒక్కడికే చోటు. రక్తం ఆగనివాణ్ణి పంపమని కమాండర్ ఆర్డర్ ఇచ్చాడు. రేడియోలో కమాండర్‌కూ బేస్‌కూ మాటలు నా పక్కనే నడిచాయి.

"ఒక కేసు. మళ్లీ చెబుతున్నా, ఒకటి."

"రెండోవాడి పరిస్థితి?"

"హెల్మెట్ ఉంది. బాగానే ఉన్నాడు."

హెలికాప్టర్ లేచి ఎడమవైపు గుట్ట మీదుగా వెళ్లింది. చూద్దామని తల తిప్పబోయాను. మెడ తిరగలేదు. ఒళ్లంతా తిప్పుకునేసరికి దాని తోక ఒక్కటే కనిపించింది.

ఆ తర్వాత వాతావరణం మూసుకుపోయింది. నొప్పి మెడ పైభాగాన మొదలై కంటి దాకా పాకేది. మంచు మీద వెలుతురు చూడలేకపోయేవాణ్ణి. వాంతి వచ్చినట్టుండేది. కింద ఆసుపత్రి నుంచి ఆపరేటర్ ఫోన్ లైన్‌లో దొరికాడు.

"ఏమప్పా, ఈడ తలతో పాటు మెడ గూడా చూస్తాండారు. రోజూ ఒకమ్మ వచ్చి ఇట్లా తిప్పు, అట్లా తిప్పు అంటాది. మెత్తటి దిండు గూడా ఇచ్చినారు."

"దిండు సంగతి నాకెందుకులే."

"నీకేమన్నా అయ్యిందా ఏమి?"

"ఏం కాలేదంట."

నేను కిందికి దిగేసరికి చలికాలం చివరికొచ్చింది. తల స్కాన్ తీసి బాగుందన్నారు. మెడ గురించి ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి నాకు ఆపరేటర్ నుదుటి మచ్చ మీద అసూయ. ఆ చీలిక నా నుదుటి మీద పడి ఉంటే ఆ సీటు నాది, ఆ దిండు నాది.

సర్వీసు అయ్యాక ఇద్దరం ఊళ్లకు వచ్చాం. అతను బైకు నడుపుతూ తల వెనక్కి తిప్పి మాట్లాడతాడు. వెనక కూర్చున్న నాకు ఆ మెడ తప్ప ఏమీ కనిపించదు. చింతామణిలో ఒక బ్యాంకుకు ఇద్దరు గన్‌మెన్ కావాలన్నారు. ఒక బ్రాంచిలో అతను చేరిపోయాడు. "గురి లేనోనికి తుపాకి ఇచ్చినారు చూడప్పా," అని తనే నవ్వాడు. రెండో బ్రాంచికి నేను అర్జీ పెట్టాను. ఫైరింగ్ పరీక్ష ఉంటుంది. తల నిలబడకపోతే గురి నిలబడదు.

అప్పుడు మా చిన్నాయన సలహా ఇచ్చాడు. "మంచు పట్టిన మెడరా అది. కటింగ్ షాపులో ఇరిపించుకో, తేలికైతాది." మన వైపు క్షవరం అయ్యాక తల పట్టుకుని రెండు పక్కలా మెటిక విరవడం మామూలే. బాగేపల్లిలో కూర్చున్నాను. కుడివైపు టక్కుమంది. ఎడమవైపు తిప్పగానే అద్దం, అందులో నేను, బయట బస్సులు, అన్నీ గిర్రున తిరిగాయి. రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను.

"పైత్యం, పోతాదిలేన్నా," అన్నాడు షాపాయన.

రెండు రోజులు మంచం దిగలేదు. ఆపరేటర్ వచ్చి తిట్టాడు. "దెబ్బ తగిలిన మెడను ఎవురన్నా ఇరిపించుకుంటారా? రైఫిలు జామైతే సుత్తితో కొడతావా నువ్వు?" నన్ను బైకు ఎక్కించుకుని చిక్కబళ్లాపురం తీసుకుపోయాడు. అక్కడికి ప్రతి శనివారం బెంగళూరు నుంచి ఒక కైరోప్రాక్టర్ డాక్టరమ్మ వస్తుంది. ఎముకలు, కీళ్లు చేత్తో సరిచేసే వైద్యం ఆమెది. ఈ సంగతి కూడా అతనికే ముందు తెలియాలి.

ఆమె కూడా విరుస్తుందనుకున్నాను. ఆమె ముట్టుకోనే లేదు. చూపు రెండుగా కనిపిస్తుందా, మాట తడబడుతుందా, చేతులు మొద్దుబారతాయా అని అడిగింది. మెడ ఎముకలకు, రక్తనాళాలకు స్కాన్ రాసింది. "అది చూడకుండా చెయ్యి పెట్టనప్పా. ఇంకెవురినీ పెట్టనీవద్దు."

స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదన్నాక మరుసటి శనివారం వేళ్లతో పుర్రె కింద నొక్కింది. నొప్పి కంటి దాకా పాకింది.

"యాడికి పోతాండాది?"

"కంటికి."

"ఇదేనప్పా నీ తలనొప్పి."

తర్వాత నా తలకు పట్టీ కట్టి, దానికి చిన్న లేజర్ లైటు పెట్టింది. ఎదురుగా గోడ మీద వలయాల కాగితం. అచ్చం మా ఫైరింగ్ టార్గెట్టే. ఎర్ర చుక్కను నడిమిన పెట్టి, కళ్లు మూసుకుని, తల ఎడమకు తిప్పి మళ్లీ నడిమికి తెమ్మంది. తెచ్చాను. కళ్లు తెరిస్తే చుక్క ఎడమవైపు ఆఖరి వలయం కూడా దాటి గోడ మీద ఉంది. మళ్లీ చేశాను. మళ్లీ గోడ మీదే.

"నేనొకసారి చూడనా మేడమ్?" అన్నాడు ఆపరేటర్.

పట్టీ కట్టుకున్నాడు. కళ్లు మూశాడు, తిప్పాడు, తెచ్చాడు. చుక్క సరిగ్గా నడిమిన ఉంది.

"చూసినావా, నట్టనడిమిన తగిలింది. నా జన్మకిదే మొదటి బుల్లు," అన్నాడు.

"తల యాడుండాదో మెదడుకు చెప్పేదాంట్లో మెడ గూడా ఒకటి," అంది డాక్టరమ్మ. "నీ మెడ తప్పు చెప్తాండాది. నేర్పించాల."

నేర్పిస్తున్నాం. ఆమె చేతులతో మెల్లగా కీళ్లు కదిలిస్తుంది, విరవదు. ఇంట్లో గోడ మీద బొగ్గుతో వలయాలు గీసుకుని, ఆమె ఇచ్చిన లేజర్ పట్టీ కట్టుకుని పొద్దునా సాయంత్రం చుక్క తిప్పుతాను. బొటనవేలు మీద చూపు నిలిపి తల ఆడిస్తాను. కళ్లు తిరగడం తగ్గింది. ఎడమ భుజం దాకా చూడగలుగుతున్నాను.

ఆ రోజు హెలికాప్టర్‌లో నేను పోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని డాక్టరమ్మను ఒకసారి అడిగాను. "అప్పుడే బిరీన చూసుంటే మేలే," అంది. "ఇదంతా రాకుండా ఉంటాండెనా అంటే, చెప్పలేనప్పా."

చింతామణి రెండో బ్రాంచిలో గన్‌మ్యాన్ కుర్చీ ఇంకా ఖాళీగా ఉంది. కళ్లు మూసుకుని తల ఎడమకు తిప్పినప్పుడల్లా గుట్ట వెనక్కి పోతున్న ఆ హెలికాప్టర్ తోక కనిపిస్తుంది. కళ్లు తెరిస్తే చుక్క నడిమికి రెండు వేళ్లు ఎడమగా ఆగి ఉంటుంది.