పుస్తకంలో లేని తడిగుడ్డ

మొన్న ఆదివారం పత్రిక అనుబంధంలో, ఇటలీలో ఒకప్పుడు కర్మాగారపు మిద్దె మీదే కార్లకు పరుగుబాట కట్టుకున్న ఆ కంపెనీ చరిత్రను రెండు పుటల నిండా వేశారు. వ్యవస్థాపకులు, పందేలు, యుద్ధకాలపు కష్టాలు అన్నీ ఉన్నాయి. మన దేశం గురించి మాత్రం, అక్కడి నమూనాతో బొంబాయిలో కొన్నాళ్లు కార్లు తయారయ్యాయన్న ఒక్క వాక్యం. నాకు ఒళ్లు మండింది. మన ఎండల్లో, మన దుమ్ములో ఆ బండ్లను ఏళ్ల తరబడి నడిపించిన చేతుల ఊసే లేదేమని సంపాదకుడికి ఉత్తరం రాయబూని, ఆధారం కోసం, ఒకప్పుడు మా కారు సంగతులు రాసిపెట్టుకున్న నా పాత బండి పుస్తకం తీశాను.

స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉండే ఆ చిన్న కారు మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రొద్దుటూరులో మా చిన్నాయన ఒకటి కొన్నాడు. దాన్ని నడిపేదీ, దాని సంగతులు రాసేదీ నేనే. ఏ రోజు ఎక్కడికి వెళ్లింది, ఏ భాగం ఎవరు మార్చారు, అన్నీ ఒక్క కొట్టివేత లేకుండా రాసేవాణ్ణి. కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం నాకు కంఠస్థం. బండిని బాగుచేసేది మాత్రం జమ్మలమడుగు నుంచి వచ్చి మా వీధి చివర షెడ్డు వేసుకున్న మెకానిక్ మామ. ఎండలు ముదిరితే వేడికి పెట్రోలు ఇంజను పక్కనుండే పంపులోనే ఆవిరై బండి ఆగిపోతుందని, ఆయన గోనెగుడ్డ తడిపి పంపుకు చుట్టేవాడు. కంపెనీ పుస్తకంలో అది లేదని నేను వాదిస్తే నవ్వేవాడు.

“ఆ పుస్తకం రాసినోళ్లు మన ముద్దనూరు ఎండ సూసినారా అల్లుడా? ఆళ్లది మంచు దేశం. ఈడ దానికీ దప్పికైతాది. గుడ్డ ఆరితే మల్లా తడుపు. శానా సదివినోడివి, ఆ మాత్రం చాతకాదా ఏంది?”

ఒక మే నెల ఉదయం, చిన్నమ్మ తల్లికి ఆఖరి ఘడియలని పులివెందుల నుంచి కబురు వచ్చింది. మామ పరుగున వచ్చి, పంపుకు తడిగుడ్డ కట్టి, నీళ్ల డబ్బా ఒకటి నా కాళ్ల దగ్గర పెట్టి పంపాడు. వీధి మలుపు తిరగగానే నేను దిగి, బానెట్ ఎత్తి, దాని చాటున ఆ గుడ్డను విప్పి పారేశాను. అద్దంలా తుడుచుకున్న ఇంజను మీద మురికి గోనెగుడ్డ నాకు అవమానంగా తోచింది.

ముద్దనూరు దాటాక బండి ఆగింది. నేను కంపెనీ పుస్తకం చెప్పిన వరుస తప్పకుండా ప్లగ్గులు విప్పాను, తుడిచాను, బిగించాను. వెనక సీట్లో చిన్నమ్మ, “ఇంగెంత సేపప్పా?” అని ఒక్కసారే అడిగింది. నీళ్ల డబ్బా కనిపిస్తూనే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి మనసొప్పలేదు. ఇంజను చల్లబడి తనంతట తాను కదిలేసరికి పొద్దు వాలింది. మేము చేరేసరికి ఆ ఇంట్లో ఏడుపులు మొదలై ఉన్నాయి.

మర్నాడు నేను రాసిన వాక్యం ఇప్పటికీ గుండ్రని అక్షరాలతో అలాగే ఉంది: “ముద్దనూరు వద్ద బండి ఆగినది. కారణము: మెకానిక్ అశ్రద్ధ.” అదే చిన్నాయనకు చదివి వినిపించాను; నా పుస్తకం మీద ఆయనకు అంత నమ్మకం. చిన్నాయన మామను గుమ్మంలోనే నిలబెట్టి అడిగితే, ఆయన నా వైపు ఒక్కసారి చూసి, “గుడ్డ నేను కట్టినా. ఏమైందో రాసినోన్నే అడుగప్పా” అని వెళ్లిపోయాడు. నన్ను ఎవరూ అడగలేదు. మాట ఊరంతా పాకింది, షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది, ఏడాది తిరగకముందే ఆయన కువైట్ దారి పట్టాడు. సెలవుకు వచ్చాడని విని ఒకసారి జమ్మలమడుగు బస్టాండు దాకా వెళ్లి, టీ తాగి, తిరుగు బస్సెక్కాను. ఆయన చనిపోయాడన్న కబురు ఆ తరువాత వచ్చింది.

ఇప్పుడు బండి ఆగితే కంప్యూటరు తగిలించి చూస్తారు. ఆ కార్లూ లేవు, గుడ్డ తడిపే చేతులూ లేవు. మామను తమ చరిత్రలో చేర్చలేదని ఇటలీ వాళ్ల మీద కోపగించుకున్నాను. వాళ్లు ఆయనను ఎరగరు. నేను ఎరుగుదును.

సంపాదకుడికి ఉత్తరం రాయలేదు. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి, కింద “గుడ్డ విప్పినది నేనే” అని రాశాను. ఆ పుస్తకం మొత్తంలో అదొక్కటే కొట్టివేత. చూపించడానికి చిన్నాయన లేడు, చిన్నమ్మ లేదు, మామ లేడు. సిరా ఆరేదాకా పుస్తకాన్ని తెరిచే ఉంచాను.