బేరం మొహంతో తిన్న టోఫూ

కొత్తగా పనిలో చేరిన రోజుల్లో మనిషికి దేవుడి భయం, యజమాని భయం ఉంటే చాలంటారు. నాకు మూడోది చైనాలో దొరికింది, ప్లేటులో.

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా మామూది ముత్యాల వ్యాపారం. పనిలో చేరగానే ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం: "నచ్చిన మాల్ చూసి నవ్వినవనుకో, ఖతం. నచ్చినదాన్ని మూతి ముడిచి పక్కకు తోయాలె, నచ్చనిదాన్ని మస్తు పొగడాలె." మూడు నెలల్లో నా మొహం ఎంత తయారైందంటే, బిర్యానీ బాగుందో లేదో అమ్మీకి కూడా అంతుపట్టేది కాదు. ఆ మొహాన్నే వెంటబెట్టుకుని ముత్యాలు కొనడానికి మామూతో చైనా వెళ్లాను. అక్కడ ముత్యాలమ్మే పెద్దావిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. అక్కడి మాంసం హలాల్ కాదు, మాకు కుదరదంటే, చేపలూ టోఫూ బాగా చేస్తారని నది ఒడ్డు హోటల్‌కు తీసుకెళ్లింది. దారిలో మామూ గుసగుసలాడారు: "ముత్యాల మంచి లాట్ మనకిస్తదో లేదో గీడనే తేలుతది. ఆమె మనసు నొప్పిచ్చినవో, వాపస్ రాకు."

ముందు అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన చేప వచ్చింది. నోరూరింది. వెనకే టోఫూ వచ్చింది: సోయా పాల పనీరును పులియబెట్టి, నల్లగా వేయించినది. (మూసీ మురుగు పక్కన పెరిగినవాణ్ణి, వాసనలకు బెదిరే రకం కాదు. అయినా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.) భయంలో మొహం తనకు వచ్చిన పనే చేసింది. చేపను మూతి ముడిచి పక్కకు తోశాను, టోఫూను చూసి "వాహ్!" అన్నాను. ఆవిడ చేపను మామూకిచ్చి, టోఫూ మొత్తం నా ముందుకు జరిపింది.

"ఏం చేసినవ్‌రా?"

"మీరు నేర్పిందే, మామూ."

"అరే, అది మాల్‌కు! తిండికి కాదు!"

"కక్కొస్తే?"

"మింగు. లాట్ నీ గొంతుల ఉన్నది."

కళ్లు మూసుకుని మింగాను. ఒకటి. రెండు. నాలుగోది, ఒట్టు, బాగుంది. బాగుందనిపించగానే అలవాటుగా మూతి ముడుచుకుపోయింది. మామూ బల్ల కింద నా కాలు తొక్కారు. ఆవిడ మాత్రం పకపకా నవ్వి ఫోన్‌లో ఏదో చెప్పింది. ఫోన్ దాన్ని హిందీలోకి మార్చి వినిపించింది: "కొనేవాళ్ల మొహాలు చూస్తూనే ముసలిదాన్నయ్యాను. వాహ్ అన్నప్పుడు అబద్ధమాడాడు, అందుకే ప్లేటు జరిపాను. ఇప్పుడు నిజంగా నచ్చింది." ఇంకో ప్లేటు తెప్పించింది. మర్నాడు మంచి లాట్ మాకే ఇచ్చింది. మామూ అదంతా తన ట్రైనింగేనని చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ ఊరెళ్లే మొఘల్‌పురా వ్యాపారులు ఎక్కడ తినాలో నన్నే అడుగుతారు. ఆ నది ఒడ్డు హోటల్ పేరే చెబుతాను, టోఫూ వాసన సంగతి మాత్రం చెప్పను. ఆ మొదటి ముక్క ముందు కూర్చున్న భయం వాళ్లకైనా దక్కాలి. నేను ఎన్నిసార్లు వెళ్లి తిన్నా, నాకిక దొరకడం లేదు.